షావుకారు రంగు

పోయిన నెల మా పెదనాన్న మనవడు కిరణ్ ఒక పెద్ద పటాన్ని దుప్పటిలో చుట్టి, కారు వెనక సీట్లో పడుకోబెట్టి మా ఇంటికి తీసుకొచ్చాడు. నూజివీడులో మా వాళ్ళ మామిడికాయల కొట్టు పడగొట్టి కొత్తది కడుతున్నారు, ముందంతా అద్దాలు, లోపల ఏసీ. పాత గోడ నుంచి దించిన పటాల్లో ఇదొక్కటే మళ్ళీ తగిలించడానికి పనికొస్తుందట. కింది మూల చెమ్మ పట్టి రంగు పెచ్చులూడింది. ఇన్నేళ్ళు డ్రాయింగ్ టీచరుగా చేసిన అత్త ఇంట్లో ఉండగా బయటివాళ్ళకి ఎందుకివ్వాలి, కొంచెం టచప్ చేసిపెట్టమని చెప్పి, కాఫీ తాగి, పటాన్ని ముందు గది గోడకి ఆనించి వెళ్ళిపోయాడు. వారం రోజులు అది అక్కడే ఉంది. దాని ముందు నుంచి వంటింట్లోకి వెళ్ళినప్పుడల్లా నాకు ఒళ్ళు మండేది. అరవైకి దగ్గరపడి, పొద్దున్నే బీపీ మాత్ర మింగే మనిషిని ఒక బొమ్మను చూసి పళ్ళు కొరుక్కుంటుంటే మా ఆయన నవ్వాడు. నవ్వనీండి, ఆయనకేం తెలుసు.

ఆ పటంలో నలభై ఏళ్ళ ఆవిడ కూర్చుని ఉంటుంది. పచ్చటి ముఖం, నుదుట పెద్ద కుంకుమబొట్టు, ముక్కుకి బేసరి, మెడలో కాసులపేరు, భుజం మీద పట్టుచీర అంచు. కింద తెల్ల అక్షరాల్లో కీర్తిశేషులు కనకమ్మ గారు అని ఉంటుంది. మా ఇంట్లో ఇప్పుడున్న వాళ్ళంతా ఆవిడే మా నాయనమ్మ అనుకుంటున్నారు. ప్రతి ఏడూ సీజను మొదటి కాయలు ఆవిడ ముందు పెట్టి దణ్ణం పెట్టుకున్నాకే బేరం మొదలుపెడతారు. ఆవిడ మా నాయనమ్మ కాదు. ఈ మాట నేను ఎవరితోనైనా పందెం కాసి చెప్పగలను. ఎందుకంటే ఆ పటం వేసింది నేను.

మా నాయనమ్మ నల్లటి మనిషి. మా వాళ్ళు చుట్టాల దగ్గర చామనచాయ అనేవాళ్ళు గానీ, నలుపుని నలుపంటే వచ్చే నష్టమేమిటో నాకు ఇప్పటికీ తెలియదు. తాతయ్య పోయేనాటికి ఆవిడకి ముప్పై నిండలేదు. పెదనాన్నకి పన్నెండేళ్ళు, మా నాన్నకి ఎనిమిది. ఒంటి మీదున్న బంగారమంతా అమ్మి ఒక తోట కౌలుకి పట్టి, చెట్టు కింద తనే నిలబడి కాయ కోయించింది. మామిడికాయ తొడిమ విరిచినప్పుడు చిమ్మే సొన ఒంటి మీద పడితే చర్మం కాలుతుందని మా వైపు పసిపిల్లలకి కూడా తెలుసు. ఆ మొదటి ఏడాదే ఆవిడ చెంప మీద పడింది. నీళ్ళ కుండ దగ్గరికి వెళ్ళేలోపు లారీవాడు తొందరపడతాడని కొంగుతో తుడుచుకుని అక్కడే నిలబడిందట. కంటి కింద నుంచి దవడ దాకా ఆ మచ్చ నల్లటి ముఖం మీద ఇంకా నల్లగా ఉండిపోయింది. మా కొట్టూ, మేడా, పెదనాన్న ఎక్కి తిరిగిన అంబాసిడరు కారూ అన్నీ ఆ మచ్చ తర్వాత వచ్చినవే.

వేసవి వస్తే మా ఇంట్లో మనుషులకి చోటుండేది కాదు. సావిట్లో, మెట్ల కింద, మంచాల కింద కూడా వరిగడ్డి పరిచి రసాలు మాగబెట్టేవాళ్ళు. మొదటి రెండు రోజులూ ఎండుగడ్డి వాసన, తర్వాత కొంచెం పుల్లగా, నాలుగో రోజుకి ఇల్లంతా ఒకటే తీపి వాసన. మా జడలకీ, దుప్పట్లకీ, పెట్టెలో మడతపెట్టిన బట్టలకీ అదే వాసన పట్టేది. నాయనమ్మ తెల్లారకముందే తలస్నానం చేసి, తడి జుట్టు ముడి వేసుకుని, చిన్న పీట మీద కూర్చుని గడ్డిలో చెయ్యి పెట్టేది. చూడకుండానే, వేళ్ళతో తడిమి, ఇది ఇవాళ్టిది, ఇది ఎల్లుండిది అని పక్కకి తీసేది. పది గంటలకి మజ్జిగన్నంలో మాగాయ టెంక చీక్కుంటూ తినేది. ముద్దు చేయడం ఆవిడకి రాదు. నా తల దువ్వితే రెండు రోజులు నెత్తి నొప్పి పుట్టేది. ఆ రోజుల్లోనే పెదనాన్న కాయలు తొందరగా పండటానికి గడ్డిలో మందు పొట్లాలు పెట్టించడం మొదలుపెట్టాడు. పైన పటారం లోన లొటారం, ఆ మందు పెట్టిన కాయకి ముఖం పచ్చబడుద్ది గానీ లోపల పులుపు చావదు అని నాయనమ్మ పొట్లాలు ఏరి దొడ్లో పారేసేది. మధ్యాహ్నం ఆవిడ కునుకు తీస్తున్నప్పుడు పెదనాన్న మళ్ళీ పెట్టించేవాడు.

నేను పదో తరగతి పాసయ్యాక నన్ను కాలేజీకి పంపాలా మానాలా అన్నది ఇంట్లో ఎవరూ తేల్చలేదు. తేల్చకపోవడమంటే మానిపించడమే. ఇంట్లో ఊరికే కూర్చుని కాయల పెట్టెల చెక్కల మీద బొగ్గుతో బొమ్మలు గీసేదాన్ని. ఆ పెట్టెలు అలాగే లారీ ఎక్కి ఎక్కడెక్కడికో పోయేవి. ఒకరోజు నాయనమ్మ ఆ చెక్కొకటి చంకన పెట్టుకుని, నా చెయ్యి పట్టుకుని, జంక్షన్ రోడ్డులో ఉన్న వాణీ ఆర్ట్స్‌కి తీసుకెళ్ళింది. అది ఇద్దరు ఆర్టిస్టులు కలిసి నడిపే పెంకుటింటి కొట్టు. సత్యం గారు ముఖాలు వేసేవాడు, ఖాసిం గారు అక్షరాలు రాసేవాడు. లారీల నంబర్లు, కొట్ల బోర్డులు, సినిమా హాల్లో ఇంటర్వెల్‌కి వేసే స్లైడ్లు, ఎలక్షన్లొస్తే గోడలు, ఎవరైనా పోతే పటాలు, అన్నీ అక్కడే. చుట్టుపక్కల ఊళ్ళలో రంగు వేయాల్సిన ప్రతిదీ వాళ్ళ చేతుల మీదుగా పోయేది. ఆడపిల్లకి నేర్పితే ఊరు ఏమంటుందోనని సత్యం గారు నసిగాడు. ఎవరూ ఏమీ అనకుండా నేనొచ్చి కూర్చుంటానని నాయనమ్మ చెప్పింది. అన్నట్టే రెండేళ్ళ పాటు, సీజను నాలుగు నెలలూ తప్ప, ప్రతి మధ్యాహ్నం వచ్చి గుమ్మం దగ్గర స్టూలు మీద కూర్చుంది.

మొదటి రెండు నెలలూ ఖాసిం గారు నన్ను అక్షరం దగ్గరికి కూడా రానివ్వలేదు. పగిలిన కిటికీ అద్దం ఒకటి ఇచ్చి, బ్రష్షుతో దాని మీద గీతలు గీయమన్నాడు. అద్దం నిండితే కిరసనాయిలు గుడ్డతో తుడవడం, మళ్ళీ గీయడం. చివర గుడ్డ చుట్టిన కర్ర ఎడమ చేత్తో అడ్డంగా పట్టుకుని, దాని మీద కుడి మణికట్టు ఆనించి, ఊపిరి బిగబట్టి గీత మొదలుపెట్టి, గీత పూర్తయ్యాకే వదలాలి. నిలువు గీత నిటారుగా వచ్చిన రోజున ఆయన కొంచెం పెద్ద అద్దం తెచ్చిచ్చాడు. సత్యం గారి పాఠం వేరు. ఒక మామిడికాయ బల్ల మీద పెట్టి, కళ్ళు సగం మూసి చూడమనేవాడు. అలా చూస్తే చిన్న చిన్నవన్నీ పోయి వెలుగూ నీడా రెండే మిగులుతాయి. ముందు పెద్ద నీడ వెయ్యి, నీకు తెలిసింది వెయ్యకు, నీకు కనిపించింది వెయ్యి అని రోజుకి పదిసార్లు చెప్పేవాడు. గుమ్మం దగ్గర నుంచి నాయనమ్మ ఊరుకునేదా? ఆ కాయ ముదరలేదు, దాన్ని చూసి ఏం నేర్చుకుంటుంది, ముదిరిన కాయకి తొడిమ కిందకి దిగి అటూ ఇటూ భుజాలు లేస్తాయి, ఆ భుజం మీదే కదా వెలుగు పడేది అని, మర్నాడు కొంగులో తనే కాయ తెచ్చేది. సత్యం గారు నవ్వి, మామ్మగారు నాకంటే బాగా చెప్తున్నారని ఒప్పుకునేవాడు. నేను తర్వాత ముప్పై ఏళ్ళు బడిలో చెప్పిన పాఠంలో సగం ఆవిడదే.

ఆ కొట్టులో నాకు నచ్చనిది ఒకటే ఉండేది. తెలుపూ పసుపూ కొంచెం ఎరుపూ కలిపి సత్యం గారు ఒక డబ్బా నిండా ముందే సిద్ధం చేసి ఉంచుకునేవాడు. పోయినవాళ్ళ పటం ఏది వచ్చినా ముఖానికి ఆ డబ్బాలోదే. దాని పేరు షావుకారు రంగు. పొలంలో నలభై ఏళ్ళు ఎండిన రైతు పోయినా, కొట్టులో నీడపట్టున కూర్చున్న వర్తకుడు పోయినా పటంలో ఇద్దరూ ఒకే రంగులోకి వచ్చేవాళ్ళు. చచ్చినవాడి కళ్ళు చారెడని ఊరికే అనలేదు. మరి కనిపించింది వెయ్యమంటారుగా అని ఒకసారి అడిగితే, పటాలకి ఆ లెక్క వేరమ్మా అని మాట దాటేశాడు. అప్పుడే నాకు అర్థం కావలసింది.

రెండో ఏడు శీతాకాలంలో, పని తక్కువగా ఉన్న రోజుల్లో, సత్యం గారు మంచి దళసరి కాగితం ఒకటి చేతికిచ్చి మనిషి ముఖం వేసుకోమన్నాడు. నేను గుమ్మం వైపు తిరిగాను. మూడు మధ్యాహ్నాలు నాయనమ్మ రోడ్డు మీద పోయే లారీలు చూస్తూ కూర్చుంటే, నేను బొగ్గు పుల్లతో ఆవిడని వేశాను. కళ్ళు సగం మూసుకుని పెద్ద నీడ ముందు వేశాను. బొట్టు లేని నుదురు, లోపలికి పోయిన బుగ్గలు, బిగించిన పెదాలు, చెంప మీద సొన మచ్చ, ఏదీ వదల్లేదు. పూర్తయ్యాక చూపిస్తే ఆవిడ కాగితాన్ని దూరంగా పెట్టి చూసింది, దగ్గరగా పెట్టి చూసింది.

"మచ్చ కాస్త పెద్దదిగా ఏశావేమే?" అంది. తర్వాత చూపుడు వేలు తన చెంప మీద పెట్టుకుని, కాగితం మీద పెట్టి, కొలుచుకుంది. "లేదులే. అంతే ఉంది."

ఆ కాగితాన్ని కొట్టులోనే గోడకి గుచ్చాము. ఇంటికి తీసుకెళ్తే ఎవరేమంటారోనని ఆవిడే వద్దంది. రెండు నెలలకి, సీజను ఇంకా మొదలవకముందే, నాలుగు రోజుల జ్వరంతో పోయింది. అప్పుడు చూసుకుంటే ఇంట్లో ఆవిడ ఫోటో ఒక్కటి లేదు. పెదనాన్న మేడ కట్టించిన ఏడు ఏలూరు నుంచి ఫోటోగ్రాఫర్ని పిలిపించి అందరికీ ఫోటో తీయించాడు. నాయనమ్మ ఆ సాయంత్రం పెరట్లో లారీకి కాయ ఎక్కిస్తోంది. వస్తున్నా ఉండండని కబురు పెట్టింది. వెలుగు పోతోందని ఫోటోగ్రాఫరు అన్నాడట, పెదనాన్న కానివ్వమన్నాడట. ఆ ఫోటోలో ముందు వరసలో మధ్య కుర్చీ ఖాళీగా ఉంటుంది. అందరూ పౌడర్లు రాసుకుని నవ్వుతూ ఉంటారు. ఒక్కరికైనా ఆ కుర్చీ పక్కకి జరపాలని కూడా తోచలేదు.

మామూలుగా మా కొట్లలో మగవాళ్ళ పటాలే ఉండేవి. అయితే ఆ ఏడు మా ఎదుటి కొట్టు వ్యాపారి తన తల్లి పటం పెద్దగా వేయించి తగిలించాడు, ఒంటి నిండా బంగారంతో. పెదనాన్నకి అది కంట్లో నలుసైంది. సంవత్సరీకంలోపు మా అమ్మ పటం అంతకన్నా పెద్దది కొట్టులో ఉండాలని పట్టుబట్టి వాణీ ఆర్ట్స్‌కి వచ్చాడు. నాకు సంతోషమే అయింది. గోడ మీద నా బొమ్మ ఉంది కదా, దాన్నే పెద్దది చేద్దామని సత్యం గారితో ముందే చెప్పాను. పెదనాన్న ఆ కాగితం ముందు నిలబడ్డాడు. చాలాసేపు చూశాడు. ముఖం ఎర్రబడింది.

"ఇదేంటండీ సత్యం గారూ, కూలికొచ్చిన మనిషిలాగా ఉంది," అన్నాడు. "మచ్చొద్దు. వయసు తగ్గించండి, నలభై ఏళ్ళుండాలి. బొట్టు పెట్టండి. మెళ్ళో కాసులపేరు, ముక్కుకి బేసరి. పట్టుచీర."

నలభై ఏళ్ళకి ఆవిడకి బొట్టు లేదు, బంగారమూ లేదు, అప్పటికే మచ్చ ఉంది. ఆయన అడుగుతున్న మనిషి ఏ రోజునా బతికి లేదు. నేను ఆ మాటే అన్నాను. పెద్దవాళ్ళ ముందు నోరెత్తని ఇంట్లో పుట్టి, ఇద్దరు బయటి మనుషుల ముందు, నువ్వు ఆవిడ బంగారం తిని ఆవిడ ముఖం కూడా తింటున్నావని అన్నాను. పెదనాన్న చెయ్యెత్తుతాడనుకున్నాను. ఎత్తలేదు.

"నాకప్పుడు పన్నెండేళ్ళే," అన్నాడు, నా వంక చూడకుండా. "అమ్మ ఒక్కొక్కటీ తీసి గుడ్డలో మూటగడతంటే చూశాను. ఇప్పుడన్నా పెట్టుకోనీయే."

ఆ మాటకి సత్యం గారు తల దించుకున్నాడు. నాకు జాలి కలగలేదు, ఇంకా మండింది. ఇప్పుడన్నా ఏమిటి? ఆవిడ అరవై ఏళ్ళు దాటి బతికింది. ఆయన కొట్టు పెరిగి, పెద్దమ్మ నడుముకి వడ్డాణం వచ్చి, కారు వచ్చాక కూడా పదేళ్ళ పాటు ఆవిడ మెడ బోసిగానే ఉంది. వితంతువుకి బంగారమేమిటని అందరికంటే ముందు అన్నది వీళ్ళే. బతికున్న మెడకి పనికిరాని కాసులపేరు చెక్క మీద మెడకి పనికొచ్చింది, అది కూడా ఎదుటి కొట్టువాడి కళ్ళు కుట్టడానికి. పెదనాన్న వెళ్ళాక సత్యం గారి మీద పడ్డాను. రెండేళ్ళు ఆవిడ ఎదురుగా కూర్చుని ఉన్నారు, ఆవిడ తెచ్చిన కాయలు తిన్నారు, ఎలా వేస్తారు అని అడిగాను. ఆయన డబ్బా మూత తీసి రంగు కలుపుతూ, అమ్మా, బొమ్మని రోజూ చూసుకునేది వాళ్ళు, మనం కాదు అన్నాడు. ఖాసిం గారు మాత్రం, నువ్వు గీసింది మీ మామ్మని, ఆయనకి కావలసింది వాళ్ళమ్మ, అంతే తేడా అన్నాడు. ఆయన మంచికే అన్నాడు. అయినా ఆ పూట ఆయన మీద కూడా కోపం వచ్చింది.

మర్నాడు వెళ్ళేసరికి నా కాగితం బల్ల మీద ఉంది. దాని మీద, నాయనమ్మ ముఖం మీద, పైనుంచి కింద దాకా పెన్సిలుతో గడులు గీసి ఉన్నాయి. చిన్న బొమ్మని పెద్దది చేయాలంటే దాని మీద చిన్న గడులు, చెక్క మీద పెద్ద గడులు గీసుకుని ఒక్కో గడిలో ఉన్నది ఒక్కో గడిలోకి ఎక్కించుకుంటారు. అది ఆ పనిలో అందరూ చేసేదే. సత్యం గారికి అది శాంపిల్. బోర్డు పూర్తయితే శాంపిల్ ఎవరికి కావాలి? ఆయన నా ముఖం చూసి, ఏమైందమ్మా అని నిజంగానే అడిగాడు. కొన్ని గడుల మీద చిన్నగా 'వద్దు' అని రాసి ఉంది. అవి మచ్చ ఉన్న గడులు.

ఇక్కడ నా సంగతి చెప్పాలి, చెప్పకుండా పెదనాన్ననే తిడుతూ కూర్చుంటే అది కూడా షావుకారు రంగే. పెదనాన్న ఆ సాయంత్రం ఇంట్లో, నోట్లో నాలుక లేని మా నాన్న ముందు, నన్ను పిలిచి మాట్లాడాడు. సత్యం గారికి చూపు మందగించిందని, సన్నపని నేనే బాగా చేస్తానని ఆయనే చెప్పాడట. పటం నేను వేస్తే, ఎదుటి కొట్టు పటం కన్నా బాగా వస్తే, నన్ను బెజవాడ పంపి డ్రాయింగ్ పరీక్షలు రాయించి టీచరు ట్రైనింగు చేయిస్తానన్నాడు. లేదంటే వేసవిలోపు ఏదో ఒక సంబంధం చూస్తానన్నాడు. మా నాన్న నా వైపు చూశాడు, ఒప్పుకోవే అన్నట్టు. నేను రాత్రంతా ఏడ్చానని చెప్పుకుంటే బాగుంటుంది గానీ, ఏడవలేదు. మర్నాడు పొద్దున్నే వెళ్ళి బ్రష్షు తీసుకున్నాను.

పదిహేను రోజులు వేశాను. వయసు తగ్గించడానికి శాంపిల్ సరిపోదని, నాయనమ్మ ముఖకట్టు నీదేనమ్మా అని సత్యం గారు నా ముందు అద్దం పెట్టాడు. ఆ బుగ్గలు నావి, ఆ గడ్డం నాది, పదిహేడేళ్ళ ముఖానికి ఇరవై ఏళ్ళు పెంచి వేశాను. 'వద్దు' అని రాసిన గడుల్లో డబ్బాలో రంగు నున్నగా పూశాను. నేర్చుకున్న విద్య అంతా అందులో పెట్టాను, అదే అన్నిటికంటే నాకు సిగ్గుగా ఉంటుంది. కాసులపేరులో ఒక్కో కాసుకీ ఒక వెలుగు చుక్క, ఒక నీడ అంచు. ఊపిరి బిగబట్టి బేసరి రాళ్ళు పెట్టాను. రోజూ సాయంత్రం పెదనాన్న వచ్చి, ముఖం ఇంకాస్త తెలుపు అనేవాడు, ఇంకాస్త తెల్లబరిచేదాన్ని. సంవత్సరీకం నాడు పటం తగిలించారు. ఊళ్ళో వర్తకులంతా వచ్చారు. ఎదుటి కొట్టు ఆయన కూడా వచ్చి చేతులు కట్టుకుని చూశాడు. కనకమ్మ గారు లేచొచ్చినట్టుందని, ఆవిడని ఎండలో నిలబడగా ఇరవై ఏళ్ళు చూసిన మనుషులే అన్నారు. పెదనాన్న పటం ముందు పొర్లి దణ్ణం పెట్టి పెద్దగా ఏడ్చాడు. నాకు బెజవాడ టిక్కెట్టు ఖాయమైపోయింది.

ఆ మధ్యాహ్నమే నేను వాణీ ఆర్ట్స్‌కి వెళ్ళాను. బల్ల మీద నా కాగితం అలాగే ఉంది. ఎక్కించడం అయిపోయిన గడులన్నిటికీ నేనే వేసిన ఇంటూ గుర్తులు, మచ్చ మీద 'వద్దు' లు. ఊళ్ళోవాళ్ళ పొగడ్తలు ఇంకా చెవుల్లో ఉన్నాయి. అరికాలి మంట నెత్తికెక్కింది. కాగితాన్ని రెండు చేతులతో పట్టుకున్నాను. ఖాసిం గారు ఏదో బోర్డు రాస్తున్నవాడు కర్ర దించి, "పెన్సిలు గీతలేనమ్మా. రబ్బరు పెడితే పోతాయి" అన్నాడు. నేను విన్నాను. విని, చింపాను. నిలువునా చింపి, అడ్డంగా చింపి, ముక్కలు చేసి కిరసనాయిలు గుడ్డలు పారేసే డబ్బాలో వేశాను. సత్యం గారి మీద కసి తీర్చుకుంటున్నాననీ, పెదనాన్నకి బుద్ధి చెబుతున్నాననీ ఏదో అనుకున్నాను. వాళ్ళిద్దరికీ ఆ కాగితం లేకపోతే పోయిందేమీ లేదు.

తర్వాత అంతా అనుకున్నట్టే జరిగింది. పరీక్షలు పాసయ్యాను, ఉద్యోగం వచ్చింది, ఉంగుటూరు వైపు బళ్ళల్లో పిల్లలకి మామిడికాయ ముందు పెట్టి కళ్ళు సగం మూసి చూడమని చెప్పాను. తెలిసింది వెయ్యకండి, కనిపించింది వెయ్యండి అని చెప్పాను. చెప్పేటప్పుడు పిల్లల ముఖాల వంక కాకుండా బల్ల మీద కాయ వంకే చూసేదాన్ని. పెదనాన్నతో పదేళ్ళు సరిగా మాట్లాడలేదు. ఆయన పోయినప్పుడు కూడా నేను కన్నీళ్ళు పెట్టుకోలేదని మా పెద్దమ్మ అందరితో చెప్పింది. మా నాన్న పోయాడు, సత్యం గారు, ఖాసిం గారు పోయారు. ఫ్లెక్సీలు వచ్చాక ఆ కొట్టు సెల్‌ఫోన్ల షాపైంది. ఇప్పుడు పిల్ల పుట్టకముందే కడుపులో ఉండగానే ఫోటో తీసి అందరికీ పంపుతున్నారు, అన్నం తింటే ఫోటో, ఆవలిస్తే ఫోటో. ఒక మనిషి ముప్పై ఏళ్ళు ఎండలో నిలబడి ఇంతమందికి అన్నం పెడితే, ఆవిడ కోసం రెండు నిమిషాలు ఆగలేని మనుషుల మధ్య పుట్టాను నేను.

కిరణ్ పటం తెచ్చి పెట్టిన వారానికి నాకొక పట్టుదల వచ్చింది. టచప్ కాదు, అసలు నాయనమ్మని వేసి వాడికిస్తాను, ఆ అద్దాల కొట్టులో ఆవిడే ఉండాలి అనుకున్నాను. కాగితం, బొగ్గు తెచ్చుకుని కూర్చున్నాను. మొదటి రోజు చెయ్యి బిగిసిందేమో అనుకున్నాను. నాలుగో రోజుకి తెలిసింది. నలుపని గుర్తుంది, మచ్చ కన్ను కింద నుంచి దవడ దాకా అని గుర్తుంది, బుగ్గలు లోపలికి పోయి ఉండేవని గుర్తుంది. అవన్నీ మాటలు. ముఖం లేదు. కళ్ళు మూసుకుంటే నేను వేసిన ఆవిడే, బొట్టుతో, కాసులపేరుతో వచ్చి కూర్చుంటోంది. దాని మీద మచ్చ వేస్తే, పచ్చటి ముఖం మీద మచ్చ వేసినట్టే ఉంది. పద్నాలుగు కాగితాలు వేశాను. పద్నాలుగూ ఆ పటంలో ఆవిడే.

నిన్న కిరణ్ వచ్చాడు. పెచ్చులూడిన మూల అలాగే ఉండటం చూసి, ఒంట్లో బాగాలేదా అత్తా అని అడిగాడు. కూర్చోబెట్టి అంతా చెప్పాను, వాళ్ళ తాత చేసింది ఏదీ దాచకుండా. వాడు మంచి పిల్లాడు, ఫోను పక్కన పెట్టి విన్నాడు. విని పటం వైపు చూసి, మళ్ళీ నా వైపు చూశాడు.

"మరి ఆ బొగ్గుతో వేసింది ఎక్కడుంది అత్తా? అది పెడదాం."

"చింపేశారు."

"ఎవరు? తాతయ్యేనా?"

ఇన్నేళ్ళలో నన్ను ఎవరూ ఆ మాట అడగలేదు. ఔనంటే వాడు నమ్మేవాడు.

"నేనేరా," అన్నాను.

వాడు పటం దగ్గరికి వెళ్ళి పెచ్చులూడిన మూల వేలితో తడిమాడు. తర్వాత, అయితే దీన్ని ఏం చేద్దాం అత్తా, తగిలించమంటావా, లోపల పెట్టేయమంటావా అని మెల్లగా అడిగాడు. తగిలించమన్నాను. ఆవిడ ముందు కాయలు పెట్టి దణ్ణం పెట్టుకోమన్నాను. చూపించడానికి వేరే ముఖం నా దగ్గర లేదు.